బాలవ్వ పోసిన చలువ

నేను ఒక ఇత్తడి ముంతను. లోపల కళాయి పూత, మెడ కింద చుక్కల అక్షరాలతో ‘బాలవ్వ’ అన్న పేరు. కంచరి నన్ను సుత్తితో మోది మోది గుండ్రంగా చేస్తున్నప్పుడు అనుకున్నాను, ఇన్ని దెబ్బలు తిన్నాక ఇక నాకు మిగిలింది సుఖమేనని. మనుషుల చేతుల్లో పడ్డాక గానీ నా అమాయకత్వం నాకు తెలిసిరాలేదు.

బాలవ్వ తల్లి నన్ను అంగడిలో కొని, పేరు కొట్టించి కూతురికిచ్చింది. పొద్దున చల్ల, మధ్యాహ్నం నీళ్లు, పొద్దుగూకే వేళ కల్లు, ఇవీ నా కొలువులు. మా ఊరివాళ్లకు ఒక గర్వం ఉంది. పట్నంలో అమ్మేది మత్తుమందు కలిపిన మందు కల్లు, మాది చెట్టు కల్లు అంటారు. చెట్టు మీంచి దిగింది కాబట్టి అందులో మత్తు ఉన్నా చెడు ఉండదని వాళ్ల నమ్మకం. నాకూ అదే నమ్మకం.

పెద్ద కోడలు రజిత నెల తప్పిన నాటి నుంచి బాలవ్వ ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. రోజూ సాయంత్రం తానే ఈతవనానికి పోయి కల్లు తెచ్చి, నన్ను నింపి కోడలి చేతికిచ్చేది. “తాగు బిడ్డా, కడుపుల పిల్లకు చలువ,” అనేది. రజితకు ఆ వాసన పడేది కాదు. వద్దని ఒకటి రెండుసార్లు అంది కూడా. అయినా అత్త అంత ప్రేమగా అందిస్తుంటే ఎన్నాళ్లు కాదనగలదు? ముక్కు మూసుకుని తాగేది. పుణ్యం చేస్తున్నానని నేను మురిసిపోయాను.

హారిక పుట్టింది. తక్కువ బరువు, చిన్న తల. నడక ఆలస్యమైంది, మాటా ఆలస్యమైంది. ఎనిమిదేళ్లొచ్చినా నిన్న నేర్చుకున్న ఎక్కం ఇవాళ గుర్తుండదు. ఏదైనా తెమ్మంటే గడప దాటేసరికి ఎందుకొచ్చిందో మరిచిపోతుంది. బళ్లో బెత్తం, ఇంట్లో చీపురుకట్ట. పిల్లకన్నా ఎక్కువ మాటలు రజితే పడేది. “తల్లి సక్కగ నేర్పితే పిల్ల ఇట్లెందుకైతది?” అని వాడకట్టంతా అనేది, బాలవ్వతో సహా. రజిత తల వంచుకుని అంట్లు తోముతూ ఉండేది. ఆ అంట్లలో నేనూ ఉండేదాన్ని.

చివరికి హారికను బడి మాన్పించి మేకల వెంట పంపుదామన్నారు. ఒక్కసారి డాక్టరుకు చూపించాకే ఏదైనా అని రజిత పట్టుబట్టింది. బాలవ్వ తోడెళ్లింది. ఆవిడ పరాయి గ్లాసులో నీళ్లు తాగదు కాబట్టి నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ హారిక తల చుట్టూ టేపు పెట్టి కొలిచింది, ముఖం పరీక్షగా చూసింది, బొమ్మలు చూపించి ఏవేవో అడిగింది. తర్వాత, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏమైనా తాగేదా అని మెల్లగా కదిపింది. రజిత నోరు విప్పకముందే బాలవ్వ ముందుకు జరిగింది.

“నేనుండంగ తక్కువ చేస్తనా డాక్టరమ్మా? రోజూ ఈ ముంతెడు. మందు కల్లు కాదు, అచ్చం చెట్టు కల్లు,” అంటూ నన్ను ఎత్తి చూపించింది.

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. ఆమె కోప్పడలేదు. తల్లి తాగింది కడుపులోని మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుందనీ, అప్పుడప్పుడే తయారవుతున్న మెదడు దాన్ని తట్టుకోలేదనీ, చెట్టుదైనా సీసాదైనా మత్తు మత్తేననీ, ఇంతవరకు ఫరవాలేదనే కొలతే లేదనీ చెప్పింది.

“పిల్ల మొండిది కాదమ్మా, తనకు నిజంగానే గుర్తుండదు. జరిగినదాన్ని మందులతో పోగొట్టలేం. కానీ నేర్పితే నేర్చుకుంటుంది. ఒకసారికి ఒక పనే చెప్పండి. మరిచిపోతే మళ్లీ చెప్పండి. కొట్టకండి, బడి మాన్పించకండి.”

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ బాలవ్వ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్క గుక్క నీళ్లు కూడా తాగలేదు. నాకు ఇత్తడిగా పుట్టినందుకు మొదటిసారి సిగ్గేసింది.

ఆ నెలలోనే చిన్న కోడలు నవ్య నెల తప్పింది. చుట్టాలు చేరారు. బాలవ్వ ఆడబిడ్డ మల్లవ్వ అలవాటుగా నన్ను కల్లుతో నింపి నవ్యకు అందించబోయింది. బాలవ్వ లేచొచ్చి నన్ను లాక్కుని, కల్లంతా వాకిట్లో పారబోసింది.

“గిదేంది వదినా? మనమంత తాగలేదా? మనకేమైంది?” అంది మల్లవ్వ నవ్వుతూ.

“మనకేం కాలే. హారికకైంది,” అంది బాలవ్వ. “ఇన్నొద్దులు రజితను తిట్టిన. మీరంత తిట్టిన్రు. దాని తప్పేం లేదు. అది వద్దంటే సుత ఈ చేతులతోని నేనే తాగించిన.”

రజిత పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు నాకు కొత్త కాదు కానీ, నలుగురి ముందు తలెత్తుకుని ఏడ్వడం మాత్రం అదే మొదటిసారి.

ఇప్పుడు నాలో నీళ్లే పోస్తున్నారు. నవ్యకు నెలలు నిండుతున్నాయి. హారిక బడికి పోతోంది. ఈ ఉదయం బాలవ్వ పిల్లను పిలిచి, “బిడ్డా, నీళ్లు తే,” అంది. ఆ ఒక్క మాటే. పిల్ల నన్ను పట్టుకుని బయటికెళ్లి, గోడ మీది తొండను చూస్తూ నిలబడిపోయింది. చాలాసేపటికి ఉలిక్కిపడి, ఖాళీ ముంతతోనే తిరిగొచ్చి, దెబ్బ పడుతుందని కళ్లు గట్టిగా మూసుకుంది.

“కండ్లు తెరువు బిడ్డా,” అంది బాలవ్వ. తర్వాత, మొదట అన్న గొంతుతోనే, “నీళ్లు తే,” అంది.