ముందుగా తీర్చేస్తే

ఓవెన్‌లో తల దూర్చి మాడిన జిడ్డు గీకుతుండగా, అద్దెకి రాబోయే ఇద్దరు ఎమ్మెస్ అమ్మాయిలు ఇల్లు చూడటానికి వచ్చారు. మా ఆయన అమర్‌నాథ్ గదులన్నీ తిప్పి చూపిస్తున్నాడు. "అంకుల్, ఆ క్లీనింగ్ లేడీని బాత్‌రూమ్ టైల్స్ కూడా చూడమనండి" అంది ఒకమ్మాయి. "చెప్తాలేమ్మా" అన్నాడు నవ్వుతూ. అంతే. ఆమె నా భార్య అనలేదు, ఈ ఇల్లు ఆమెదే అని అసలే అనలేదు.

అవును, ఇల్లు నాదే! మూడేళ్ళ క్రితం, రెండువేల నాలుగులో, బాతెల్ ఊళ్ళో ఈ కాండో అపార్ట్‌మెంట్ కొన్నప్పుడు ఆయన పేరు మీద అప్పటికే మేముండే ఇంటి లోన్ ఉంది. ఇంకోటి ఆయనకి రాదు కాబట్టి నా పేరున తీశాడు. చీటీలు అంటించిన చోటల్లా ఇద్దరం సంతకాలు పెట్టాం. "అన్నీ చదువుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది వల్లీ" అన్నాడు. మా అత్తగారు రాజేశ్వరమ్మ గారు మా దగ్గరికి వచ్చి ఉన్న ఆరు నెలలూ ఫోన్‌లో అందరికీ ఒకటే చెప్పారు, "మావాడు పెళ్ళాం పేరునే ఇల్లు కొన్నాడు. ఆడదానికి ఇంకేం కావాలి?"

ఏం కావాలా? నా కూతురు దేదీప్యని తీసుకుని ఒక సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోవాలి. ఏడాదిగా అదొక్కటే నా కోరిక. కానీ ఈ లోన్ నా జీతంలోంచి పోతుంది, అద్దె ఆయన అకౌంట్‌లో పడుతుంది. చివరికి నా దగ్గర డిపాజిట్‌కి కూడా మిగలదు. ఈ ఇల్లు అమ్మితే తప్ప మేముండే ఆ ఇంట్లోంచి నేను కదలలేను. పై అంతస్తులో ఉండే మీనా గారు కొంటానని అడిగారు. ఆ మాట చెప్పిన రోజు ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "మతుందా నీకు? ఐదేళ్ళలోపు లోన్ తీర్చేస్తే పెనాల్టీ. ఆర్నెల్ల వడ్డీ బ్యాంక్‌కి ఊరికే ఇచ్చేస్తావా? ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టలేవా?" వడ్డీ పావు శాతం తగ్గుతుందని ఆ షరతుకి ఒప్పుకున్నది ఆయన. ఓపిక మాత్రం నేను పట్టాలి.

అమ్మాయిలతో ఆయన కిందకి దిగగానే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఇంకో రెండేళ్ళంటే చచ్చిపోతాననిపించింది, నిజంగానే. తడి చేతులతోనే, ఇళ్ళ అమ్మకం కాగితాలు చూసే ఎస్క్రో ఆఫీస్‌కి, మేం కొన్నప్పుడు సంతకాలు పెట్టిన చోటికే, ఫోన్ చేశాను.

"ఇల్లు అమ్మాలి, మా వారు సంతకం పెట్టరు. ఏదైనా దారి ఉందా?" అని అడిగాను.

అవతలావిడ కాసేపు ఫైల్ వెతికింది. ఆయన సంతకం అక్కర్లేదట. లోన్ నా ఒక్కదాని పేరున రావడం కోసం, ఈ ఇంటి మీద తనకి ఏ హక్కూ లేదని కొన్న రోజే రాసిచ్చాడట. ఆయనా చదవలేదన్నమాట!

"కానీ మ్యామ్, పెనాల్టీ ఏడువేల మూడువందల పన్నెండు డాలర్లు. మీకు రావలసినదాంట్లోంచి పోతుంది. రెండేళ్ళు ఆగితే అదేమీ ఉండదు. ఆలోచించుకుంటారా?"

పదకొండేళ్ళ కాపురంలో, బయటపడాలంటే ఎంతవుతుందో నాకు చెప్పిన మనిషి ఆవిడొక్కతే. ఇంత చవకని తెలియక ఇన్నాళ్ళూ ఉండిపోయాను.

"కాగితాలు పంపండి" అన్నాను.