ఓడలు ఆగని రేవు

విదేశీ వర్తకులు చూడటానికి వస్తున్నారని మేనేజరుగారు రేవును అద్దంలా తుడిపించారు. అంతటితో ఆగితే బాగుండేది. లారీలు అడ్డంగా కనబడతాయని గేటు బయటికి తోలించారు. క్రేన్లు చప్పుడు చేస్తాయని ఆపించారు. గేటు పక్క టీ బడ్డీ కంట్లో నలుసులా ఉందట, సాయంత్రానికల్లా పీకేయమన్నారు.

ఆ బడ్డీ, మాటలు తర్జుమా చేసే దుబాసి అమ్మాయి సొంత పిన్నిది. అమ్మ పోయాక ఆ పిల్లను పెంచిందీ, మూడు భాషలు చదివించిందీ ఆ బడ్డీయే. అందుకే పొద్దున్నే ఆ అమ్మాయి మేనేజరుగారిని బతిమాలింది.

"చూడమ్మా, నీ పని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం. అది చెయ్యి, చాలు," అన్నారాయన.

వర్తకులు వచ్చారు. మేనేజరుగారు అరగంట దంచారు: లోతైన నీళ్లు, తుఫాను సోకని కొండచాటు, ఓడ పక్కకే వచ్చే రైలు, నాలుగు దేశాలకు దగ్గర దారి. దుబాసి పొల్లుపోకుండా అప్పజెప్పింది. వర్తకుల్లో పెద్ద, ఒక బట్టతలాయన, ఖాళీ రేవు కేసి చూసి ఒకే ప్రశ్న వేశాడు.

"ఇన్ని ఉంటే ఇక్కడ ఒక్కరూ లేరేమిటని అడుగుతున్నారండీ."

శుభ్రం కోసం పని ఆపించానంటే పరువేం దక్కుతుంది? "ముందు టీ తాగుదామని చెప్పు," అన్నారు మేనేజరుగారు. ఆయన ఉద్దేశం ఆఫీసులో. దుబాసి మాత్రం అతిథుల్ని తిన్నగా గేటు బయటికి నడిపించింది.

అక్కడ ఇసకేస్తే రాలనంత మంది డ్రైవర్లు, వాళ్ల వెనక కనుచూపు మేర లారీలు. పిన్ని టీ పోస్తూనే ఎత్తుకుంది.

"ఈ రేవులో బడ్డీ పెట్టిన నా అంత వెర్రిది ఇంకోటి లేదు. పొద్దున వచ్చిన ఓడ సాయంత్రానికి పోతుంది. ఓడవాళ్లకి రెండో టీ తాగే తీరికే ఉండదు. మా మరిదిని చూడండి, పక్క రేవులో పెట్టాడు. అక్కడ ఓడలు వారాల తరబడి పడిగాపులు పడతాయి. వాడు మేడ కట్టాడు. నాకు ఇవాళే కాస్త బేరం, ఈ మేనేజరుగారి పుణ్యమా అని పని ఆగింది కాబట్టి."

వెనకే వచ్చిన మేనేజరుగారు తల పట్టుకున్నారు. దుబాసి ఒక్క మాట వదల్లేదు. వర్తకులు గబగబా పెన్నులు తీశారు. బట్టతలాయన మరిది మేడ సంగతి రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నాడు. గ్లాసు ఖాళీ చేసి, వచ్చే నెల సంతకాలకు వస్తామనీ, టీలో పంచదార కాస్త తగ్గించమనీ అన్నాడు.

"ఏమంటున్నారు?" అన్నారు మేనేజరుగారు.

ఇన్నేళ్లలో దుబాసి తన సొంత మాట ఒక్కటీ కలపలేదు.

"వచ్చే నెల సంతకాలకు వస్తారటండీ. ఈ బడ్డీ ఇక్కడే ఉంటేనేనట."

"ఉంటుందని చెప్పు. పీకించనని చెప్పు."

దుబాసి అతిథి వైపు తిరిగి, పంచదార తగ్గిస్తామని చెప్పింది. బట్టతలాయన తృప్తిగా తలాడించాడు.

ఆ తలాడింపు చూసి మేనేజరుగారికి హుషారొచ్చింది. "బడ్డీకి కొత్త రేకులు కూడా వేయిస్తానని చెప్పమ్మా," అన్నారు.