నీళ్ళు పడ్డ బోరు

రెండు వందల అడుగులు దాటినా రాయి లొంగలేదు. ఇశ్రాయేలు ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని, బోరు యంత్రం లివరు మీద నుంచి చెయ్యి తీయకుండా నిలబడ్డాడు. మాదన్నపేట వృద్ధాశ్రమం వాకిలంతా రాతిపొడి కమ్మేసింది. దగ్గుతూ పనిచేయడం అరవై ఏళ్ళ ఆ మనిషికి అలవాటే. ఇక దుమ్ములోకి పోవద్దని డాక్టరు చలికాలంలోనే చెప్పాడు. వింటేగా!

అది రెండువేల ఏడు, మే నెల. ముప్పై ఏళ్ళు నీళ్ళ కోసమే భూమిని తొలిచినవాడు ఇక్కడ చల్లదనం కోసం తొలుస్తున్నాడు. బోరులో పైపు దించి, చుట్టూ బంకమట్టితో పూడ్చేయాలి. పైపులో తిరిగే నీరు గదుల్లోని వేడిని భూమిలోకి మోసుకుపోయి, చల్లబడి పైకొస్తుంది. పన్నెండు బోర్లలో ఇదే ఆఖరిది, లీలమ్మ ఉండే చివరి వరసకు.

లీలమ్మకు ఎనభై నాలుగేళ్ళు. కిటికీలోంచి రోజూ అదే ఎగతాళి. "చల్లదనానికి మేమే మట్టిలకు పోతుంటిమి గద బిడ్డా. నువ్వు పైకి తెస్తున్నవా?"

"ఇయ్యాల పొద్దుగూకేసరికి నీ గది చల్లగైతదమ్మా. ఫికర్ చెయ్యకు."

ఊరికే అన్న మాట కాదది. ఆమె పక్క మంచం నాగమణమ్మ మొన్ననే వడదెబ్బకు పోయింది. నిరుటి ఎండాకాలం ఇశ్రాయేలు భార్య కళావతి కూడా అంతే. రేకుల ఇంట్లో, నుదుటి మీద వేసిన తడిగుడ్డ ఆరేలోపే పోయింది. ఈ ముసలామెనైనా దక్కించుకోవాలని అతని పంతం.

పదింటికి బోరులో నీళ్ళు పడ్డాయి. ఎన్ని నీళ్ళు! ఎగజిమ్మి వాకిలంతా తడిపేశాయి. వీధి ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఇంకెక్కడైనా అయితే ఈపాటికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, ఇశ్రాయేలు మెడలో కొత్త తువ్వాలు వేసేవాళ్ళు. అతను ప్రభువుకు స్తోత్రం చెప్పుకొని, ఆ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దోసిట్లో మొదటి నీళ్ళు పోసేవాడు.

ఇంజనీరు ఫణికుమార్ గడియారం చూసుకున్నాడు. "తడి ఉంటే మనకింకా మంచిదేనండీ, వేడిని బాగా లాగుతుంది. పైపు దించేసి పూడ్చేద్దాం, ఇశ్రాయేలుగారూ."

"నీళ్ళు పడ్డ బోరు నేనెన్నడు పూడ్చలే సార్. పాపం తగుల్తది."

"అయితే ఇది వదిలేసి ఇంకోటి వేద్దాం. నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే."

నాలుగు రోజులు! ఇశ్రాయేలు కిటికీ వైపు చూశాడు. విసనకర్ర చేతిలోంచి జారిపోయినా తెలియనట్టు, లీలమ్మ నోరు తెరుచుకొని కూర్చుంది.

"వద్దు సార్. పూడుస్త."

ఖాళీ బిందెలతో మిగిలినవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టరా మరి! అతను తలెత్తకుండా పైపు దించాడు, మట్టి నింపాడు.

ఐదింటికి పైపుల్లో నీళ్ళు తిప్పే యంత్రం తిరిగింది. లీలమ్మ గదిలోకి చల్లగాలి మెల్లగా దిగింది. ఆమె మొహం తేటపడింది.

"లోపటికి రా ఇశ్రాయేలూ. చేసినోనికి లేకపోతే ఎట్ల?"

అతను వచ్చి గోడకానుకొని కింద కూర్చున్నాడు. వణుకుతున్నాడు. ఆమె మంచం కింది పెట్టె తెరిచి దుప్పటి తీసి కప్పింది.

"మే నెలల దుప్పటి కప్పుకునుడు ఎన్నడన్న చూసినవా?" అని నవ్వింది.

"కళావతికి గిట్లాంటి గది ఒక్కటి ఉండుంటే బతుకుతుండె అమ్మా," అని కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి దగ్గు ఆగిపోయింది. పాపం, చల్లగాలికి నెమ్మదించిందని లీలమ్మ సంతోషపడింది. చప్పుడు చేయకుండా కూర్చుంది. చాయ్ తెచ్చిన ఆయా కొమురమ్మ అతని భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. అతను లేవలేదు.

అతన్ని తీసుకుపోయాక కొమురమ్మ దుప్పటి మడవబోతే లీలమ్మ ముట్టనివ్వలేదు. అది గోడవారన, అతని మీద నుంచి తీసి పడేసినచోటే పడి ఉంది. చల్లగాలికి దాని అంచు కదులుతూనే ఉంది.