మూడు రోజుల పథ్యం

స్టీఫెన్ మాస్టారింట్లోంచి కాకరకాయ వేపుడు వాసన వచ్చిందంటే, ఆయనకు షుగరు పరీక్ష దగ్గరపడిందని వీధంతటికీ తెలిసిపోయేది. మిగతా రోజుల్లో ఆ ఇంటి వాసనలు వేరు. వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, పైన నెయ్యి. ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే మాంసం కూర. ఎండాకాలం వచ్చిందంటే పెరుగన్నంలోకి నూజివీడు రసాలు. కూచిపూడి దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. మాట నెమ్మది, చెయ్యి ధారాళం. బొజ్జ మాత్రం ఏటికేడు ముందుకే వచ్చింది.

ఆయన తెలివితక్కువవాడు కాదు, లెక్కలేనితనం అసలే లేదు. అదే నా బాధ. రెండున్నరేళ్ల కిందట విజయవాడలో కంటి డాక్టరు ఆయనకు స్పష్టంగానే చెప్పాడు. "మాస్టారూ, షుగరు వల్ల కంటి వెనక పొరలో రక్తనాళాలు దెబ్బతింటున్నాయి. అదుపులో పెట్టుకుంటే చూపు నిలుస్తుంది. లేదంటే పోతుంది." ఆ సాయంత్రం మాస్టారూ, భార్య అమలమ్మా మరియమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి చాలాసేపు మోకరించారు. సర్వీసు ఇంకా అయిదేళ్లుంది. చూపు లేని లెక్కల మాస్టారు బోర్డు మీద ఏం గీస్తాడు?

భయపడ్డారు, నిజమే. ఆ భయాన్ని ఏం చేసుకున్నారో వినండి. మూడు నెలలకోసారి ఊళ్లో డాక్టరు దగ్గర పరీక్ష. దానికి సరిగ్గా మూడు రోజుల ముందు అన్నం బంద్. రెండే పుల్కాలు, కాకరకాయ, చక్కెర లేని టీ, సాయంత్రం కాలవగట్టు మీద గంట నడక. నాలుగోనాడు పరగడుపున రక్తం ఇస్తే నూట అయిదో, నూట ఎనిమిదో వచ్చేది. "బ్రహ్మాండం మాస్టారూ, అవే మాత్రలు వాడండి" అని డాక్టరు సంతకం పెట్టేవాడు. మాస్టారు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, దారిలో అరకిలో బందరు లడ్డు కట్టించుకుని ఇంటికొచ్చేవారు.

"నూట ఎనిమిదేనాండీ!" అని అమలమ్మ మురిసిపోయేది. "మూడు రోజులై మెతుకు ముట్టలేదు, మొహం పీక్కుపోయింది. రండి, వేడిగా ఉంది, కూర్చోండి."

"కొంచెమే పెట్టు అమలా."

"కొంచెమేలెండి" అంటూనే కంచంలో గుట్ట పోసేది. మారు వడ్డించనిదే ఆమెకు పెట్టినట్టుండదు. చివర్లో పెరుగన్నం తిననిదే ఆయనకు తిన్నట్టుండదు. ఎవరో చెప్పారని కొన్నాళ్లు రాత్రిపూట చపాతీలు మొదలుపెట్టారు. నాలుగు చపాతీలు బంగాళాదుంప కూరతో తినేసి, "ఏమిటో, కడుపు నిండలేదోయ్" అని ఆ పైన పెరుగన్నం కలుపుకునేవారు. నవ్వొస్తోందా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మనిళ్లలో జరగనిదా ఇది?

నోరు కట్టుకోవడం ఆయనకు చేతకాదనుకుంటే పొరపాటు. ఈస్టరుకు ముందు తపస్సు కాలం నలభై రోజులూ ఆ ఇంట్లో మాంసం ముక్క ఉడకదు. కానీ అన్నం దగ్గరికొచ్చేసరికి మన డెల్టావాళ్ల కథే వేరు. కంచంలో అన్నం తగ్గితే ఒంట్లో బాగోలేదా అంటారు, ఇంట్లో గొడవా అంటారు. తెల్లటి మెతుకు మనకు మర్యాద, ప్రేమ, దైవం. అది ఎక్కువైతే మనల్నే తినేస్తుందని ఎవరైనా చెబితే వాళ్లనే కొరకొరా చూస్తాం.

పోయిన ఆగస్టులో ఒకరోజు పదో తరగతిలో వృత్తం గీసి, దాని అంచును తాకుతూ ఒక గీత గీస్తున్నారు మాస్టారు. గీత వృత్తాన్ని అడ్డంగా కోసేసి, బోర్డు చెక్క మీదికి పోయి ఆగింది. ఒక్క పిల్లవాడూ నవ్వలేదు. ముందు బెంచీలో కూర్చున్న సాయిశ్రీ లేచి, "సార్, గీత బోర్డు దాటిపోయిందండీ" అంది మెల్లగా. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఎడమ కంట్లో సిరా ఒలికినట్టు నల్లటి తెర కదులుతోంది.

విజయవాడకు పరుగెత్తారు. ఎడమ కంటి లోపల రక్తం కారిందనీ, కుడికన్నూ బాగా దెబ్బతిందనీ అన్నాడు కంటి డాక్టరు. ముందు షుగరు సంగతి తేల్చుకు రమ్మని డాక్టర్ ఇందిరాదేవి దగ్గరికి పంపాడు. ఆవిడ షుగరు వైద్యంలో తల పండిన మనిషి. మాస్టారు సంచిలోంచి ఎనిమిది రిపోర్టులు తీసి, వరసగా బల్ల మీద పరిచారు.

"చూడండమ్మా, ఒక్కటీ నూట పది దాటలేదు. మరి నా కన్ను ఎందుకిలా అయింది?"

ఆవిడ రక్తం తీయించి, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించింది. ఏడు లోపు ఉండాల్సింది పదిన్నర వచ్చింది.

"పరీక్షకి ముందు ఏం తింటారు మాస్టారూ?"

అమలమ్మే అందుకుంది. "మూడు రోజులు గట్టి పథ్యమేనమ్మా. నేనే దగ్గరుండి చేయిస్తాను."

"మిగతా రోజులు?"

అమలమ్మ రిపోర్టులను ఒకటొకటిగా సంచిలో పెట్టసాగింది.

"మూడు నెలలకి రోజులెన్ని మాస్టారూ?"

"తొంభై."

"అందులోంచి మూడు తీసేయండి."

ఊరి పిల్లలందరికీ తీసివేతలు నేర్పిన మనిషి భార్య వైపు తిరిగారు.

"ఎనభై ఏడు" అంది అమలమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఆ ఎనభై ఏడు రోజులూ వడ్డించింది నేనే డాక్టరమ్మా. వద్దంటున్నా పోశాను. ప్రేమనుకున్నాను. మా ఆయన కన్ను నేనే తీశాను."

"అలా అనకండమ్మా. రిపోర్టు చూసి మురిసిపోయి, మనిషినీ ఆ బొజ్జనీ చూడని మా వైద్యులకీ ఇందులో వాటా ఉంది. అన్నం మానేయమని నేను చెప్పను. సగం కంచం కూరలు, ఆకుకూరలు. పావు కంచం పప్పో, చేపో, గుడ్డో. మిగతా పావులోనే అన్నం. చపాతీ తింటే ఆ పూట అన్నం లేదు. తిన్నాక కూర్చోకుండా కాసేపు నడక. రోజూ అంతే. ఎప్పుడో మూడు రోజులు కడుపు మాడ్చుకునే పని లేదు."

ఆ రోజు నుంచి చెప్పింది చెప్పినట్టు చేశారు. ఆరు నెలల్లో మాస్టారు తొమ్మిది కిలోలు తగ్గారు. సగటు ఏడు లోపుకు దిగింది. చూశారా, ఎంత తేలిక పనో! రెండేళ్ల ముందే చేయగలిగిన పనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. లేజర్లు, ఇంజెక్షన్లు అయ్యాక కుడికంట్లో కొద్దిపాటి మసక చూపు మిగిలింది. ఎడమకన్ను ఇక రాదన్నారు. మాస్టారు ముందుగానే రిటైర్మెంటు రాసిచ్చేశారు.

బడిలో వీడ్కోలు సభ పెట్టారు. పూలదండ వేశారు, శాలువా కప్పారు. అమలమ్మ చెయ్యి పట్టుకుని మాస్టారు మైకు దగ్గరికి వచ్చారు. మామూలుగా పిల్లల్ని పేరు పేరునా పిలిచి మాట్లాడే మనిషి, ఆ రోజు ఎదురుగా ఉన్న గుంపు వైపు ఊరికే చూస్తూ నిలబడ్డారు.

"పిల్లలూ, మీరు కాపీ కొడితే నేను కొట్టేవాణ్ణి. రెండేళ్లు నేను చేసిందీ అదే. డాక్టరుగారి దగ్గర మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన్ని మోసం చేశానని ఇంటికొచ్చి లడ్డు తిన్నాను. మోసపోయింది ఆయన కాదు. మీ ఇళ్లల్లో షుగరున్న నాన్నలుంటారు, అమ్మలుంటారు. నా మాటగా వాళ్లకి చెప్పండి. రిపోర్టు కోసం మూడు రోజులు నోరు కట్టుకోవద్దు, కళ్ల కోసం రోజూ నాలుగు ముద్దలు తగ్గించుకోమనండి. ఆ నాలుగు ముద్దలూ నేను తగ్గించుకుని ఉంటే, ఇవాళ మీ మొహాలు నాకు కనిపించేవి."