సియెనాలో పది అడుగుల వెనక

అమెరికాలో ఇర్వింగ్‌లోని క్లినిక్‌లో రాధారాణమ్మ సాక్సులు డాక్టరు విప్పేసరికి కూతురు శ్రీవిద్య కుర్చీలోంచి లేచింది. అమ్మ అరికాళ్ళ నిండా పగిలిన బొబ్బలు. ఎడమ మడమ చీము పట్టింది. ఎండకు కాలిన రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో చాలాసేపు నడిచినట్టున్నారే, ఎప్పుడని డాక్టరు అడిగాడు. శ్రీవిద్యకు ఒక్క రోజే గుర్తొచ్చింది.

వారం కిందటి మాట. అమ్మకు ఇటలీ చూపిస్తున్నానని ఆఫీసంతా టాంటాం వేసి మరీ బయల్దేరింది మహాతల్లి. సియెనా కొండ మీది పాత ఊరు. నడిబొడ్డున కార్లు తిరగవు, ఎక్కినా దిగినా కాళ్ళే గతి. పెద్ద చర్చి ముందు గైడును కలవాలి. ఆలస్యమవుతోందని శ్రీవిద్య ముందే పరుగెత్తి, అక్కడున్న అమెరికన్లతో కబుర్లలో పడింది. అమ్మ వెనకాల నెమ్మదిగా వచ్చింది. వచ్చి, అలవాటు కొద్దీ చెప్పులు విడిచి గోడవారగా పెట్టి, గడపకు మొక్కింది. ఏ దేవుడిదైతేనేం, ఆవిడకు గుడి గుడే. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపు దగ్గరున్న మనిషి ఆ ఉత్త కాళ్ళు చూసి, ఆవిడ మీతో వచ్చారా అని శ్రీవిద్యను అడిగాడు.

"నో," అంది శ్రీవిద్య.

అంత చదువు చదివిన నోటికి ఆ ఒక్క ముక్కే దొరికింది. చర్చి చూసి బయటికొచ్చాక ఇక ఆ రోజంతా గైడు వెంట వీధులెక్కింది, దిగింది, ఫోటోలు తీసింది. వెనక్కి మాత్రం సరిగ్గా చూడలేదు. అమ్మ పది అడుగుల దూరంలో వస్తూనే ఉంది. వయసైపోయింది, నడక తగ్గిందని తనకు తానే సర్దిచెప్పుకుంది. చీర కుచ్చెళ్ళ కింద ఏముందో చూసే తీరిక ఎక్కడిది? సాయంత్రం హోటల్లో చెప్పులేవని అడిగితే, పాతబడ్డాయి పారేశానంది అమ్మ. మర్నాడు సాక్సులు, బూట్లు తొడుక్కుంది. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి శ్రీవిద్య నమ్మేసింది.

డాక్టరు కట్టు కట్టి బయటికి వెళ్ళాడు. సిగ్గుతో శ్రీవిద్యకు తలెత్తబుద్ధి కాలేదు. చెప్పులు లేకపోతే ఒక్క మాట చెప్పొచ్చు కదా, అడుగడుక్కీ కొట్లే ఉన్నాయి, కొనేదాన్ని కదా అంది.

రాధారాణమ్మ మొహంలో కోపం లేదు. అదే శ్రీవిద్యకు మరీ కష్టంగా ఉంది.

"బయటికొచ్చి చూస్తే లేవు తల్లీ. చెబుదామనే నీ దగ్గరికి రాబోయా. అప్పటికి ఆ నవ్వినవాళ్ళంతా నీ పక్కనే ఉన్నారు. నేను నీతో రాలేదని చెప్పావాయె. అమ్మనంటూ వచ్చి నించుంటే, వాళ్ళ ముందు అబద్ధాలకోరువి అయిపోవూ? అందుకే వెనకాలే నడిచా."