ఒక్క మనిషి పట్టే ఇల్లు

నేను ఒక్క మనిషి మాత్రమే పట్టే ఇంటిని. గోడల్లేవు, గుమ్మం లేదు, తల దగ్గర ఒక జిప్పు ఉంది, అంతే. కొండలెక్కి ఆరుబయట రాత్రి గడిపేవాళ్ళు దుప్పటితో సహా నాలోకి దూరి పడుకుంటారు. ట్రెక్కింగ్ వాళ్ళు నన్ను బివీ బ్యాగ్ అంటారు. చుట్ట చుడితే రెండు దోసిళ్ళలో ఇమిడిపోతాను. తూస్తే అరకిలో. అరకిలో ఇంట్లో ఒక మనిషి నిద్రంతా పడుతుందంటే మీరు నమ్మరు. మొదట్లో నేనూ నమ్మలేదు.

నన్ను కుట్టింది విశాఖపట్నంలో గౌస్ గారు. ఆటోల టాపులూ రెయిన్‌కోట్లూ కుట్టే చిన్న దుకాణం ఆయనది. కొండల పిచ్చి ఉన్నవాళ్ళు చిరిగిన గుడారాలు తెచ్చి ఇస్తుంటే ఆ పనీ పట్టుబడింది. నా అడుగు గుడ్డ నేల తడిని పైకి రానివ్వదు. పై గుడ్డ వానను ఆపుతూనే లోపలి ఆవిరిని కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. కుట్టు కుట్టుకీ పట్టీ అంటించి, ఇస్త్రీపెట్టెతో మెల్లగా అదిమారు. ఆ వెచ్చదనంలోనే నాకు నా ఒళ్ళు తెలిసింది. అంతకుముందంతా మగతే.

నన్ను మొదట కొనుక్కున్నది హేమచంద్ర అనే ఉద్యోగి. బరువు తగ్గించుకోవడం అతనికి ఒక వ్రతం. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి విరిచేశాడు. చొక్కాల లేబుళ్ళు కత్తిరించాడు. బొజ్జ సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు. అరకు దగ్గర ఒక గుట్ట మీద నాలో దూరి, మనవాళ్ళ అలవాటు ప్రకారం ముసుగు తన్ని, జిప్పు కొసదాకా లాగేసుకున్నాడు. రాత్రంతా అతని ఊపిరి వెచ్చగా వచ్చి నాకు తగులుతూనే ఉంది. సముద్రం పక్కన పడుకున్నట్టు అనిపించి నేనూ కాసేపు కలల్లో తేలాను.

తెల్లారేసరికి లోపలంతా చెమ్మ. దుప్పటి తడిసి ముద్దయింది. "ఇది కారుతోంది" అని తేల్చేశాడు హేమచంద్ర. ఒక్క చినుకైనా పడలేదే మహానుభావా, ఏం కారుతుంది? చెబుదామంటే నాకున్న నోరు ఆ జిప్పు ఒక్కటే. అదీ అతని చేతిలోనే ఉంది.

మళ్ళీ గౌస్ గారి దగ్గరికి చేరాను. ఆయన నాలో రెండు బక్కెట్ల నీళ్ళు పోసి, దూలానికి వేలాడదీసి, మధ్యాహ్నందాకా కింద కూర్చుని చూశారు. ఒక్క బొట్టు రాలలేదు. బుర్ర గోక్కుని, నన్ను ఆరబెట్టి మేకుకు తగిలించారు. చెడ్డపేరు మోస్తూ చాలాకాలం అక్కడే ఊగాను. ఫ్యాను గాలి వచ్చినప్పుడల్లా ఏదో కొండ మీద ఉన్నాననుకునేదాన్ని.

ఒకరోజు సత్యవేణి గారు వచ్చారు. సాలూరు వైపు బస్సుల్లో ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టిక్కెట్ల సంచీ వేలాడీ వేలాడీ ఎడమ భుజం కుంగిపోయింది. ఎక్కువ బరువు మొయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ ఆవిడకు ఒకే ఒక్క కోరిక. రోజూ బస్సు కిటికీలోంచి చూసిన దొంతికొండ మీద ఒక్క రాత్రి పడుకోవాలి. దాని కిందుగా వేలసార్లు వెళ్ళారు, ఒక్కసారీ దిగింది లేదు.

గౌస్ గారు చిన్న గుడారం చూపించారు. రెండు కిలోలు దాటింది. ఆవిడ దాన్ని భుజాన తగిలించుకుని, మొహం చిట్లించి, దించేశారు. టార్పాలిన్ షీటు తేలికే. కానీ దాన్ని తాళ్ళతో పైకెత్తి కట్టాలి, ఆవిడ చెయ్యి భుజం దాటి లేవదు. చివరికి నన్ను అందుకున్నారు.

"ఇది కారుతుందని ఒకాయన తిరిగిచ్చేశాడమ్మా. నేను నీళ్ళు పోసి చూశాను, కారలేదు. తర్వాత నన్ను అనొద్దు" అన్నారు గౌస్ గారు.

"కారితే కారనీ బాబూ. మోస్తన్నట్టే నేదు" అన్నారావిడ. నిజం చెప్పొద్దూ, నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

ఆ గర్వం ఒక్క రాత్రే. ఆవిడ చేరిన నడక బృందానికి పెద్ద తవిటినాయుడు మాస్టారు, ఒకప్పుడు బడిలో డ్రిల్లు నేర్పిన మనిషి. దొంతికొండకి ముందు అలవాటు కోసం అందరినీ ఒక చిన్న గుట్టకి తీసుకెళ్ళారు. సత్యవేణి గారూ ముసుగు తన్నారు, జిప్పు మూసేశారు. తెల్లారేసరికి తడిసి, వణుకుతూ, జ్వరంతో లేచారు. పదిమందీ నడక ఆపి వెనక్కి తిరగాల్సి వచ్చింది.

"ఏటీ అనుకోకండమ్మా" అన్నారు మాస్టారు. "దొంతికొండకి ఒక్కపాలి రండి. అక్కడ కూడా ఇలాగే తడిసిపోతే మాత్రం, ఇంక కొండలు మానీయాలి మీరు. పైన జొరమొస్తే దింపడానికి మనిషి సాయం దొరకదు."

జ్వరం తగ్గాక సత్యవేణి గారు డాబా మీద నన్ను తిరగేసి ఆరేస్తూ చాలాసేపు తడిమి చూశారు. అలా చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నవ్వారు.

"సలికాలం పొద్దుటి ట్రిప్పులో అద్దాలన్నీ మూసేత్తే లోపల ఎలా సెమర్చేవి! అది వానా ఏటి? జనాల ఊపిరి." నా గుడ్డను చేత్తో తట్టారు. "నువ్వు కారట్లేదే. నానే కారుతున్నాను!"

నా మీద పడ్డ నింద అలా డాబా మీద తుడిచిపెట్టుకుపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మందు కూడా ఆవిడకు వెంటనే తెలిసింది. ముఖం దగ్గర జిప్పు తీసి, ఊపిరి బయటికి వదలాలి. చెప్పినంత తేలిక కాదది. మూడు రాత్రులు డాబా మీద ముఖం తెరిచి పడుకుని చూశారు. మూడు రాత్రులూ నిద్ర రాలేదు. చెయ్యి దానంతటదే దుప్పటి కోసం పైకి పాకేది.

అలాగే దొంతికొండ ఎక్కాం. సాయంత్రానికి పొగమంచు లేచి, కింద లోయంతా పాలు పోసినట్టయింది. రాళ్ళు తేలుతున్నాయో, మేం తేలుతున్నామో తెలియలేదు. అందరూ గుడారాల్లోకి వెళ్ళిపోయారు. సత్యవేణి గారు నాలో పడుకుని గడ్డందాకా జిప్పు లాక్కున్నారు. పైన చుక్కలు. కాసేపటికి చెయ్యి లేచింది. జిప్పు ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి వచ్చి, ముక్కు దగ్గర ఆగింది.

"పెళ్ళైన కాణ్ణుంచీ పదకొండుమందిమి ఒకే వసారాలో పడుకునీవోలం" అన్నారు నాతోనే, గుసగుసగా. "ఏడుపొచ్చినా నవ్వొచ్చినా దుప్పటి కిందే. ముసుగేసుకుంటేనే నాకో గది."

నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ వదులుకోవాల్సింది ముఖం మీది గుడ్డ ముక్కను కాదు, తనకున్న ఒక్క గదిని. తీయమని నేనెలా అడగను? తడిసినా ఫరవాలేదు, మూసుకోమ్మా అనుకున్నాను. అంతగా జాలేసింది.

ఆవిడ తల తిప్పి చుట్టూ ఒకసారి చూశారు. "ఇక్కడెవలున్నారు సూడ్డానికి? ఎవలూ నేరు" అని, జిప్పు కిందికి లాగేశారు. ముఖమంతా చల్లగాలి తగిలింది. కొంచెంసేపు ఏడ్చారు. తుడుచుకోలేదు, దాచుకోలేదు. చుక్కలు మెల్లగా పక్కకు జరిగాయి. ఎప్పుడు నిద్రలోకి జారారో నాకూ తెలియదు.

తెల్లవారుజామున అందరూ బండ మీద వరసగా నిలబడ్డారు. కొండెక్కిందే ఆ సూర్యోదయం కోసం. మాస్టారు పరుగున వచ్చి, "సత్యవేణమ్మా, లేవండి, సూర్యుడు..." అంటూ వంగి, ఆగిపోయారు. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కనుబొమల మీద మంచు. నా లోపల ఎక్కడా చెమ్మ లేదు, దుప్పటి పొడిగా ఉంది. మాస్టారు వెనక్కి తిరిగి, చిన్నగా మాట్లాడమని అందరికీ సైగ చేశారు.

సూర్యుడు వచ్చాడు. ఆవిడ చూడలేదు, ఎండెక్కేదాకా నిద్రపోతూనే ఉన్నారు. నేను కూడా అటు చూడలేదు. నిద్రపోతున్న మనిషి ముఖాన్ని వెలుతురులో చూడడం నాకు అదే మొదటిసారి.