ఆవు వెనక కాళ్ళు

రోజూ మధ్యాహ్నం ఆట మొదలయ్యే ముందు ఆవుకి వోడ్కా పట్టించడం జనీన్ పని. ఆవు తాగదు. లోపలి గుడ్డకి పిచికారీ కొడితే చెమట కంపు చస్తుంది, అంతే. ఆ తరవాత ఊడిన పొదుగుకి నాలుగు కుట్లు, మొగుడు క్లైవ్ ఫ్లాస్కులో టీ, క్లైవ్ మోకాలికి పట్టీ. నాటకంలో ఇద్దరు దూరే గుడ్డ ఆవుకి ముందు భాగం క్లైవ్. వెనక భాగం జనీన్. పెళ్ళయి పదహారేళ్ళు, ఆవై పదకొండేళ్ళు.

క్రిస్మస్‌కి ఇంగ్లండులోని స్కన్‌థార్ప్‌లో పిల్లల నాటకం ఆడుతుంటే సముద్రం ఊళ్ళోకొచ్చినా జనం టిక్కెట్లు వాపసివ్వరు. కుర్చీలెక్కి చూస్తారు. వాళ్ళకమ్మే నటుల పరిచయాల పుస్తకంలో క్లైవ్ గురించి తొమ్మిది లైన్లుంటాయి: స్టాండప్ కమెడియన్, నటుడు, ఒక టీవీ సీరియల్లో మూడు వారాలపాటు శవం. జనీన్ గురించి ఒకటే లైను: "జనీన్. క్లైవ్ భార్య. వెనక కాళ్ళు."

నిజానికి జనీన్ కూడా స్టాండప్పే. ఎనిమిదేళ్ళుగా ప్రతి మంగళవారం ఓ పబ్బు మేడ మీద మైకు పట్టుకుని నవ్విస్తోంది. ఒకసారి ఒకాయన నవ్వీ నవ్వీ కట్టుడుపళ్ళు పక్కావిడ బీరులో పడేసుకున్నాడు. ఆవిడ నవ్వులో చూసుకోకుండా తాగేసింది కూడా. క్లైవ్ మాత్రం దాన్ని అల్లికల క్లాసంటాడు. "నీ అల్లికల క్లాసుకి పోయేముందు అవెన్లో ఏదన్నా పెట్టి పోవే." అత్తగారు మార్జరీ ఇంకాస్త నెమ్మది మనిషి. "ఇంటికో కమెడియన్ చాలమ్మాయ్. ఇద్దరైతే బట్టలెవరు ఉతుకుతారు?"

అయినా జనీన్‌కి ఆవంటే కోపం లేదు. నడుం వంచి, మొగుడి బెల్టు పట్టుకుని, ఆ చీకట్లో నిలబడితే ప్రపంచంలో ఎవరూ ఆమెని సాక్సెక్కడున్నాయని అడగరు. తన జోకులన్నీ అక్కడే కట్టుకుంది. మార్జరీ మీదే నలభై నిమిషాలు తయారయ్యాయి. అంత హాయైన గది ఇంగ్లండంతా వెతికినా అద్దెకి దొరకదు. ఒక్కటే లోపం, ఎదురుగా కనపడే దృశ్యం క్లైవ్ వెనక వైపు. పదకొండేళ్ళలో అది కొంచెం పెద్దదయింది కూడా.

కిందటి మంగళవారం పబ్బుకి షోలకి కమెడియన్లని కుదిర్చే ఫిలిపా అనే ఏజెంటొచ్చింది. పళ్ళు మింగేంత కాకపోయినా బాగానే నవ్వింది. "జనవరి చివర్నించి నలభై ఊళ్ళు తిరిగే షో ఒకటుంది. మొదటి ఇరవై నిమిషాలు నీకిద్దామనుంది. శనివారం ఫోన్ చేస్తా," అంది. ఇవాళే శనివారం. ఫోను మోగిన జాడ లేదు. జనీన్ ఫోన్ని ఆవు బూటులో దోపుకుని స్టేజీ ఎక్కింది.

పాలు పితికే సీను. ఆడవేషం కట్టిన ట్రెవర్ బకెట్టూపుకుంటూ వస్తున్నాడు. క్లైవ్‌కి ఇంటి సంగతులు ఆవులోనే గుర్తొస్తాయి.

"అన్నట్టు పొద్దున నువ్వు స్నానంలో ఉంటే ఎవరో ఫిలిపాట, ఫోన్ చేసింది. నీకు కుదరదని చెప్పేశా."

"ఏది కుదరదు?"

"నలభై ఊళ్ళట. ఈస్టర్‌కి మనిద్దరికీ ఇంకో ఆవు ఒప్పుకున్నా కదా. వెనక భాగం లేకుండా ఆవెలా నడుస్తుందే, పిచ్చిదానా?"

జనీన్ ఆలోచించింది. నడవదు. నిజమే.

కూర్చుంది.

ముందు భాగం రెండడుగులేసి, సాగి, వెనక్కొచ్చి ఆగిపోయింది. హాల్లో ఆరొందల మంది ఒక్కసారి గొల్లుమన్నారు.

"ఓసి నా తల్లీ! పిల్లలూ, దీనికేమొచ్చిందర్రా?" అన్నాడు ట్రెవర్.

"అలిగింది!" అని పిల్లలు.

"లేవవే," లోపల క్లైవ్ గుసగుస.

"నీ సాక్సెక్కడుంటాయో తెలుసా?"

"ఇప్పుడు సాక్సెందుకే?"

"రెండో సొరుగు, ఎడం పక్క. గుర్తుపెట్టుకో. నలభై ఊళ్ళ నించి ఫోన్ చేసి చెప్పలేను."

నవ్వు ఇంకా పొంగుతోంది. తొందరపడకూడదు. మంగళవారాలు నేర్పిన విద్య ఇది. నవ్వు పైకెక్కి, వంగి, సరిగ్గా కిందికి దిగబోయే క్షణందాకా ఆగి, రెండు భాగాల్నీ కలిపే పట్టీ లాగేసింది. లేచి నిలబడింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ స్టేజీ మీద నిటారుగా. మొహం కందిపోయి, జుట్టు నుదుటికి అతుక్కుని, నడుం కింద తోకా పొదుగూ వేలాడుతున్నాయి. జనానికో దండం పెట్టి ఎడమ వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు పదకొండు సెకన్లు. ఆమె లెక్క తప్పదు.

"నీ వెనకాల! నీ వెనకాల!" అని పిల్లలు గొంతులు చించుకున్నారు. ఎంతైనా క్లైవ్ కమెడియనే. తన తోక కోసం గుండ్రంగా తిరుగుతూ, ఆవు కనురెప్పలు టపటపలాడించి, తన వాటా నవ్వు తను తెచ్చుకున్నాడు. వెనక మాత్రం ఎవరూ లేరు.

తెరచాటున జనీన్ బూటులోంచి ఫోన్ తీసి ఫిలిపాకి కలిపింది.

"నీకు కుదరదన్నాడే మీ ఆయన?" అంది ఫిలిపా.

"ఆయనకి నేను కనపడనండీ. ఎప్పుడూ అటు తిరిగుంటాడు. నేనొస్తున్నా."

"సంతోషం. పోస్టరుకి నీ గురించి రెండు ముక్కలు చెప్పు."

"జనీన్. స్టాండప్ కమెడియన్."

స్టేజీ మీద సగం ఆవు ఇంకా వెతుక్కుంటోంది.

"చోటుంటే కింద ఇంకో లైను వెయ్యండి," అంది జనీన్. "భర్త క్లైవ్. ముందు కాళ్ళు."